మాట మోసే మనిషి

ముప్ఫై ఏళ్ల కిందటి శుభలేఖ ఏదైనా పాత ట్రంకుపెట్టెలో దొరికితే అడుగు భాగం చూడాలి. ఆహ్వానించేవారి పేర్ల కింద ఒక ఫోన్ నంబరు, దాని పక్కన ‘పి.పి.’ అని రెండక్షరాలు కనిపిస్తాయి. ఆ నంబరు పెళ్లివారిది కాదు. పక్కింటివారిదో, వీధి మొదట్లో ఉన్న పురుగుమందుల కొట్టువారిదో, కాస్త కలిగిన చుట్టాలదో అయి ఉంటుంది. ఆ నంబరుకి ఫోన్ చేసి ఫలానావాళ్లని పిలవమంటే, “పెట్టేసి పది నిమిషాలాగి చెయ్యండి” అనేవారు. కొట్లో కుర్రాడు పరుగెత్తుకెళ్లి చెప్పేవాడు. పిలుపు అందినామె పొయ్యి మీది కూర దించి, తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చి ఫోన్ పక్కన నిలబడేది. ఆ కాసేపట్లో కొట్టాయనతో నాలుగు మాటలు. ఫోన్ మోగాక కొట్లో ఉన్న అందరి చెవులూ అటే. ఆమె ఇల్లు చేరేలోపే కబురు వీధంతా పాకేది.

వినుకొండ, నరసరావుపేట, మార్కాపురం వైపు పెరిగి నలభై దాటినవాళ్లెవరికీ ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. తరవాత ఎస్టీడీ బూత్ వచ్చింది. 1984లో మొదలైన సి-డాట్ సంస్థ మన ఎండకీ దుమ్ముకీ తట్టుకునే చిన్న ఎక్స్ఛేంజీలు తయారు చేశాక పల్లెలకి టెలిఫోను తీగలు చేరాయి. బూత్‌ల కేటాయింపులో వికలాంగులకి ప్రాధాన్యం ఉండేది. అద్దాల గదిలో ఎర్రంకెలు తిరుగుతుంటే బయట కూర్చున్న బూత్ యజమానికి ఎవరి కొడుకు ఏ ఊళ్లో ఉన్నాడో, ఎవరింట్లో డబ్బుకి కటకటగా ఉందో అన్నీ తెలుసు. తెలియడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు. కానీ తెలిసేది.

సెల్‌ఫోను మనుషుల్ని దగ్గర చేసిందా దూరం చేసిందా అని పాతికేళ్లుగా వాదించుకుంటున్నాం. ఆ వాదనలో ఈ కొట్టాయన, ఈ బూత్ యజమాని లెక్కలోకి రారు. మన ఊళ్లలో ఇద్దరి మధ్య మాట చాలావరకు మూడోమనిషి మీదుగానే నడిచింది. ఉత్తరం చదివిపెట్టే పోస్టుమాన్, సంబంధం తెచ్చే పెళ్లిళ్ల పేరయ్య, కూలీల్ని కుదిర్చే మేస్త్రీ, సరుకు అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి, అర్జీ రాసిపెట్టే కరణం. కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ ముందుగా మారింది ఈ మధ్యమనిషే. కొన్నిసార్లు వాడు లేచి వెళ్లాడు, కొన్నిసార్లు వేషం మార్చి మళ్లీ వచ్చాడు. రాబోయే పదేళ్లలో ఆ కుర్చీలో యంత్రం కూర్చోవడానికి సిద్ధమవుతోంది.

మాట మోసేవాడు లేకపోతే ఏమవుతుందో వినుకొండ బిడ్డే ఒకాయన ఎప్పుడో ఆలోచించాడు. గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న ఇక్కడే పుట్టాడు. 1941లో వచ్చిన ఆయన ‘గబ్బిలం’ కావ్యంలో దళితుడొకడు తన గోడు కాశీలోని శివుడికి చెప్పుకోవాలనుకుంటాడు. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు. అతని తరఫున వెళ్లే మనిషీ లేడు. గుడి చూరులో వేలాడే గబ్బిలాన్ని మాత్రం ఎవరూ అడ్డుకోరు కాబట్టి దానితో కబురంపుతాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, జాషువా కథానాయకుడికి గబ్బిలం దొరికింది. సందేశకావ్యం అనే పాత ప్రక్రియని ఆయన ఒక సామాజిక ప్రశ్నగా మార్చేశాడు: ఎవరి మాట ఎవరి దాకా వెళ్లనిస్తారు? మధ్యమనిషి అంటే కేవలం మాట చేరవేసేవాడు కాదు, కావాలంటే ఆపేసేవాడు కూడా. పీపీ నంబరు రోజుల్లో కూడా ఏ పేటవాళ్లని పిలవడానికి కుర్రాడు పరుగెత్తేవాడో, ఏ పేటవాళ్లకి “తరవాత చెబుతాంలే” అనేవారో ఆ పేటలవాళ్లనడిగితే చెబుతారు.

అందుకని సెల్‌ఫోను ఊళ్లోకి వచ్చినప్పుడు కొందరికి అది సౌకర్యం, కొందరికి విడుదల. ఎవరి గుమ్మం ముందూ నిలబడకుండా, ఎవరి దయా అక్కర్లేకుండా మాట్లాడుకోవచ్చు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర నేలకి దించాక అదే ఫోను బజారు, బడి, సినిమాహాలు అయింది. అయితే గోడ కూలిన చోటే కొత్త గోడా లేచింది. ఇప్పుడు పల్నాట ఏ మండలం చూసినా కులానికో వాట్సాప్ గ్రూపు, పార్టీకో గ్రూపు, పదో తరగతి బ్యాచికో గ్రూపు. పాత రచ్చబండ మీద ఎవరెక్కడ కూర్చోవాలో కట్టుబాటు ఉండేది, అన్యాయమే, కానీ ఒకరి మాట ఇంకొకరి చెవిన పడేది. గ్రూపులో అసలు చేర్చకపోతే ఆ మాట ఉందని కూడా తెలియదు.

మధ్యమనిషి పోతే ఏం పోతుంది అన్నదానికి సమాజశాస్త్రంలో ఒక పాత జవాబు ఉంది. అమెరికన్ సమాజశాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఒక వ్యాసం రాశాడు. మనుషులకి ఉద్యోగం కబురు ఎవరి ద్వారా తెలుస్తుందని ఆరా తీస్తే, ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువని తేలింది. కారణం ఆలోచిస్తే తేలికే. దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. కొత్త సంగతి రావాలంటే వేరే వలయంలో తిరిగేవాడు కావాలి. వీటిని ఆయన బలహీన బంధాలన్నాడు. 2022లో లింక్డిన్ వెబ్‌సైట్‌లో 2 కోట్ల మంది ఖాతాల మీద ఐదేళ్లపాటు చేసిన ప్రయోగాల ఫలితాలు ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. యాభై ఏళ్ల కిందటి మాట చిన్న సవరణతో నిలబడింది: మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ముక్కూముఖం తెలియనివాళ్లూ కాదు, ఓ మోస్తరు పరిచయస్తులే ఉద్యోగాలకి ఎక్కువ పనికొచ్చారు. పురుగుమందుల కొట్టాయన, బూత్ యజమాని, సంతలో కలిసే పక్క ఊరి రైతు సరిగ్గా ఆ రకం.

ఇది ఉద్యోగాల వరకే కాదు. కెనడాలో జిలియన్ శాండ్‌స్ట్రోమ్, ఎలిజబెత్ డన్ అనే మనస్తత్వవేత్తలు ఒక సరదా ప్రయోగం చేశారు. కాఫీ కొట్టుకి వచ్చినవాళ్లలో సగంమందిని కౌంటరు దగ్గర నవ్వి నాలుగు మాటలాడి రమ్మన్నారు. మిగతా సగాన్ని పని చూసుకుని త్వరగా వచ్చెయ్యమన్నారు. మాట్లాడినవాళ్లు ఎక్కువ సంతోషంగా బయటికొచ్చారు. తాము పదిమందిలో ఒకరమన్న భావన వారిలో పెరగడం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు లెక్కగట్టారు.

ఈ లెక్క పట్టుకుని వినుకొండ బస్టాండు దగ్గరి టీ బంకు చూడాలి. ఇనపరేకు బల్ల మీద పాల గిన్నె, గాజు సీసాల్లో బిస్కట్లు, వాటి పక్కన క్యూఆర్ అట్ట, దాని వెనక పిడికెడంత స్పీకరు డబ్బా. డబ్బు పడగానే ఎంత పడిందో డబ్బా తెలుగులో గట్టిగా చెబుతుంది. టీ కాచేవాడు తలెత్తడు. డబ్బిచ్చినవాడు ఆగడు. చిల్లర లేదని ఒకరినొకరు విసుక్కోవడం, “రేపిద్దువులే” అనడం, పాత బాకీ గుర్తుచేయడం, ఈ వంకన రెండు ముక్కలు మాట్లాడుకోవడం తగ్గిపోయాయి. స్పీకరు డబ్బా పుట్టడానికి కారణం కూడా మాటలు తగ్గించడమే: డబ్బు పడిందా లేదా అని ప్రతిసారీ ఫోన్ తీసి చూసుకునే తీరిక కొట్టువాడికి లేదు, దొంగ స్క్రీన్‌షాట్ చూపించి పోయేవాళ్లూ తయారయ్యారు. 2016లో మొదలైన యూపీఐ 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే 2,000 కోట్ల లావాదేవీలు దాటింది. అందులో పది రూపాయల టీలు ఎన్నో! ప్రతి లావాదేవీలో కొన్ని సెకన్లు మిగిలాయి, ఆ సెకన్లలో జరగాల్సిన పలకరింపూ మిగిలిపోయింది. అయినా చిల్లర కోసం చాక్లెట్ బిళ్లలు అంటగట్టే రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు.

మధ్యమనిషి విషయంలో తొందరపడి తీర్పు చెప్పకూడదని మిరప రైతు నేర్పుతాడు. వినుకొండకి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో గుంటూరు మిర్చి యార్డు ఉంది. రైతు మిరప బస్తాలు (టిక్కీలు) లారీకెత్తించి తెల్లారేసరికి యార్డుకి చేరతాడు. అక్కడ అతని తరఫున సరుకు చూపించి, బేరమాడి, కాటా వేయించి, డబ్బిప్పించేది కమీషన్ వ్యాపారి. ఒకప్పుడు ధర ఎంత పలుకుతోందో యార్డు గేటు దాటేదాకా రైతుకి తెలిసేది కాదు. ఇప్పుడు తేజ రకం ఎంత, 341 రకం ఎంత, తాలు కాయ ఎంత అన్నది పొద్దున పదకొండు కాకముందే ఊళ్లో ఫోన్లలో తిరుగుతుంది. మరి రైతు చేతికొచ్చే డబ్బు పెరిగిందా?

ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నకి రెండు విరుద్ధమైన జవాబులు కనుక్కున్నారు. కేరళ తీరంలో 1997, 2001 మధ్య సెల్ టవర్లు ఒక్కో జిల్లాకి విస్తరిస్తున్నప్పుడు రాబర్ట్ జెన్సన్ కవళ్ల చేపల ధరలు వారంవారం సేకరించాడు. ఫోను రాకముందు ఒక రేవులో చేపలు కొనేవాడు లేక పారబోస్తుంటే, పక్క రేవులో దొరక్క ధర మండిపోయేది. ఫోను వచ్చాక పడవ సముద్రంలో ఉండగానే జాలరి రేవులకి ఫోన్ చేసి ఎక్కడ ధర ఉంటే అక్కడికి తిప్పుకున్నాడు. పారబోత ఆగింది. జాలరి లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాడికి ధర 4 శాతం తగ్గింది. తరవాత మహారాష్ట్రలో 100 పల్లెల్లో రైతులకి పంట ధరలు ఎస్సెమ్మెస్‌లో పంపి చూస్తే, మార్సెల్ ఫాఫ్‌షాంప్, బార్ట్ మింటెన్‌లకి రైతు అందుకున్న ధరలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

రెండూ నిజమే. జాలరి పడవకి ఎటు తిరిగే స్వేచ్ఛ అయినా ఉంది. మిరప రైతు చాలాసార్లు విత్తనం, ఎరువు, కోత కూలీ ఖర్చుల్ని కమీషన్ వ్యాపారి దగ్గరే అడ్వాన్సుగా తెచ్చుకుని ఉంటాడు. ధర తెలిసినా సరుకు ఎక్కడికి పోవాలన్నది ముందే నిర్ణయమైపోయింది. పైగా ఆ వ్యాపారి రాత్రిపూట ఆసుపత్రికి డబ్బు సర్దేవాడు, కూతురి పెళ్లికి పిలిస్తే వచ్చేవాడు. వడ్డీ గట్టిగానే గుంజుతాడు, అది వేరే సంగతి. ఫోనులో ధర చూపించే యాప్ అతని పనిలో ఒక వంతే చేస్తుంది, అప్పుపెట్టే వంతు చేయదు. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయినప్పుడు రోజూ పడుతున్న అంకెని రైతులందరూ అరచేతిలోనే చూశారు. కేంద్రం ఫిబ్రవరి చివర్లో మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించేదాకా చూస్తూ ఉండటం తప్ప ఆ అంకెతో చేయగలిగింది పెద్దగా లేదు.

అదే ఫోను ఇంకోచోట బాగా పనిచేసింది. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతలోకి గుంపులుగా చేరి తోటలకి తోటలు ఊడ్చేసినప్పుడు, పువ్వు విప్పి లోపలి పురుగుల్ని దగ్గరగా తీసిన ఫొటోలు గ్రూపుల్లో గంటల్లో తిరిగాయి. ఏం కొట్టాలన్న సలహాలూ అంతే వేగంగా తిరిగాయి, వాటిలో మంచీ ఉంది, అమ్ముకునేవాడి మాటా ఉంది. రైతు ఎవరి మాట నమ్ముతాడు? డిజిటల్ గ్రీన్ అనే సంస్థ ఈ ప్రశ్నతోనే పుట్టింది. బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో రికిన్ గాంధీ మొదలుపెట్టిన పని 2008లో సంస్థగా మారి ఆంధ్రప్రదేశ్‌లో కూడా నడిచింది. శాస్త్రవేత్త ఉపన్యాసం కాకుండా అదే ప్రాంతపు రైతు తన చేలో పని చేస్తూ చెబుతున్న వీడియో తీసి చూపిస్తారు. చూసేవాళ్లు ముందుగా ఆరా తీసేది వీడియోలో ఉన్నది ఎవరు, ఏ ఊరు అని. పురుగు సంగతి ఆ తరవాతే. తెర మీది మాటకి కూడా చుట్టరికం కావాలి.

మాట నమ్మకంగా అనిపించడానికి ఇంకో షరతు ఉంది, అది టైమింగు. భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ లెవిన్సన్ బృందంతో కలిసి తాన్యా స్టైవర్స్ 2009లో ప్రపంచం నలుమూలల నుంచి పది భాషల సంభాషణలు కొలిచింది. ఒకరు ప్రశ్న ఆపాక ఇంకొకరు జవాబు మొదలుపెట్టడానికి పట్టే ఎడం అన్ని భాషల్లోనూ దాదాపు ఒకటే, సెకనులో ఐదో వంతు దగ్గర్లో. అంటే ఎదుటివాడు ముగించకముందే మన బుర్రలో జవాబు సిద్ధమవుతుంటుంది. జవాబు ఆలస్యమయ్యేకొద్దీ అది ‘కాదు’ అనే జవాబయ్యే అవకాశం పెరుగుతుందని కూడా ఇతర పరిశోధనలు చూపించాయి. “ఉగాదికి వస్తావా?” అనడిగాక ఒక క్షణం నిశ్శబ్దం ఉంటే, వాళ్లు నోరు తెరవకముందే సంగతి అర్థమైపోతుంది.

ఇప్పుడు పల్నాటి తల్లి డాలస్‌లోని కూతురికి వీడియో కాల్ చేస్తోందనుకుందాం. అమెరికాలో 2010, 2017 మధ్య మాట్లాడేవారి సంఖ్య అత్యంత వేగంగా, 86 శాతం పెరిగిన భాష తెలుగే. కాబట్టి ఇది ఒకరిద్దరి ఇంటి సంగతి కాదు. గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సముద్రాల అడుగున కేబుల్ దారి 20,000 కిలోమీటర్లనుకుంటే వెళ్లడానికే సెకనులో పదో వంతు. మాటని ముక్కలు చేసి కుదించడానికి, అటువైపు విప్పడానికి కొంత. ముక్కలు ఎగుడుదిగుడుగా వస్తాయి కాబట్టి తడబాటు లేకుండా వినిపించడానికి ఫోను కాసేపు ఆగి పోగుచేసుకుంటుంది, దానికి ఇంకొంత. మొత్తం పావు సెకను అనుకున్నా, ప్రశ్న పోయి జవాబు వచ్చేసరికి అర సెకను అదనం. కూతురు ఠక్కున జవాబిచ్చినా తల్లికి అది ఆలోచించి చెప్పినట్టు వినబడుతుంది. జర్మనీలో 2014లో చేసిన ఒక పరిశోధనలో లైన్‌లో కావాలని 1.2 సెకన్ల దాకా ఆలస్యం పెట్టారు. మాట్లాడినవాళ్లు లైన్‌ని తప్పుపట్టలేదు, అవతలి మనిషికి శ్రద్ధ తక్కువ, స్నేహం తక్కువ అన్నారు. ఫోన్ పెట్టేశాక “అది ఏదో దాస్తోందండీ” అని తల్లి తండ్రితో అనడం వెనక సగం నేరం సముద్రం కింది కేబుల్‌ది. ఈ ఆలస్యంలో కొంత తగ్గించొచ్చు. వెలుగు వేగం విధించే హద్దుని మాత్రం ఏ ఇంజనీరూ దాటలేడు.

ఆ కూతురి పిల్లలకి తెలుగు రాకపోతే మధ్యలోకి అనువాద యంత్రం వస్తుంది. 2025లో గూగుల్, యాపిల్ రెండూ మాట్లాడుతుండగానే ఇంకో భాషలో వినిపించే సదుపాయాలు కొన్ని భాషలకి తెచ్చాయి. మన దేశంలో 2022లో మొదలైన భాషిణి, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ తెలుగుతో సహా భారతీయ భాషల మీద పని చేస్తున్నాయి. తెలుగు విషయంలో ఒక పేచీ ఉంది. మన వాక్యంలో క్రియ చివరికి గాని రాదు, కాదనడం దానికీ చివర అతుక్కుంటుంది. అమ్మమ్మ “నేను ఈ ఏడు మీ తాతతో కలిసి విమానమెక్కి అక్కడికి” దాకా వచ్చినా, వస్తుందో రాదో యంత్రానికి తెలియదు. ఇంగ్లీషులో చెప్పాలంటే ఆ సంగతి ముందే కావాలి. కాబట్టి ఆగాలి, లేదా ఊహించాలి. ఆగితే పైన చెప్పుకున్న ఆలస్యం ఇంకా పెరుగుతుంది. ఊహిస్తే అమ్మమ్మ అనని మాట మనవరాలు వింటుంది. అయినా రెండేసి ముక్కల ‘హాయ్ అమ్మమ్మా, బై అమ్మమ్మా’ కంటే ఈ తడబాటే నయమని చాలా ఇళ్లలో అనుకుంటారు.

వేగమే ప్రమాదమైన సందర్భం తెలుగువాళ్లకి 2018 వేసవిలో ఎదురైంది. పార్థీ గ్యాంగు దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది అని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. ఎక్కడివో ఫొటోలు, ఎప్పటివో వీడియోలు. కొత్త మనిషి కనిపిస్తే చాలు కట్టేసి కొట్టారు, తెలంగాణలో ప్రాణాలు పోయాయి. జోగుళాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి చేసిన పని తరవాత దేశవిదేశాల్లో వార్త అయింది. ఒక్కో పోలీసుకి కొన్ని ఊళ్లు అప్పగించి ఆ ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరమన్నారు. అంతటితో ఆగకుండా కానిస్టేబుళ్లు డప్పులు పట్టుకుని ఊరి మధ్య పాటలు పాడారు, పుకారుని పుకారని పాటలోనే చెప్పారు. 400కి పైగా ఊళ్లున్న ఆ జిల్లాలో పుకారు వల్ల ఒక్క ప్రాణం పోలేదు. అదే ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా ఆపింది. 2020 ఏప్రిల్‌లో బాగా తిరిగిన సందేశాన్ని ఒకరికే పంపేలా కట్టడి చేశాక అలాంటివి 70 శాతం తగ్గాయని సంస్థే చెప్పింది. ఇంజనీరు చేసిన పనీ, డప్పు చేసిన పనీ ఒకటే: మాటకి మధ్యలో ఒక ఆగే చోటు కల్పించడం.

ప్రభుత్వానికీ జనానికీ మధ్య ఉన్న కుర్చీ సంగతి ఇంకా త్వరగా మారింది. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఇళ్లకో వలంటీరు వచ్చాడు, మొత్తం రెండున్నర లక్షల పైచిలుకు. ఒకటో తారీఖు తెల్లవారుజామున తలుపు తట్టి, చిన్న యంత్రం మీద అవ్వ వేలు పెట్టించి పింఛను ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి కూలి చేసిన వేళ్లకి గీతలు మిగలవు, ఒక వేలు కాకపోతే ఇంకో వేలు, తుడిచి మళ్లీ. 2024 ఎన్నికల ముందు ఎన్నికల సంఘం వలంటీర్లని పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచమంది, ఆ జులై నుంచి సచివాలయ ఉద్యోగులు ఇంటికి వెళ్లి ఇస్తున్నారు. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు నేరుగా వాట్సాప్‌లోకి వచ్చాయి. ఆరేళ్లు తిరక్కముందే మనిషి కుర్చీలో చాట్ కిటికీ కూర్చుంది. వలంటీరు వ్యవస్థ మీద రాజకీయ వాదాలు ఎన్నో ఉన్నాయి, వాటిని అలా ఉంచితే, నెలకోసారి తలుపు తట్టేవాడు ఒంటరి ముసలివాళ్లకి పింఛను మోసుకొచ్చినవాడు మాత్రమే కాదు. వాళ్లు బతికి ఉన్నారో లేదో చూసి పోయినవాడు కూడా.

కిటికీ అందరికీ తెరుచుకుని లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు నూటికి 21 మంది, పురుషులు దాదాపు 49 మంది. ఆ తరవాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి, ఎడం ఒక్కసారిగా పూడేది కాదు. పత్తి రైతుకి కూడా 2025-26లో కొత్త మెట్టు వచ్చింది. మద్దతు ధరకి భారత పత్తి సంస్థ సీసీఐకి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, పత్తి తీసుకెళ్లే రోజుకి స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ ఏడు పొడవు పింజకి మద్దతు ధర క్వింటాలు 8,110 రూపాయలు. దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలన్నది ఉద్దేశం. అమ్మకం నేరుగా జరుగుతుంది, కానీ యాప్‌లో పేరు ఎక్కించడానికి చదువుకున్న మేనల్లుడో, నెట్ సెంటర్ కుర్రాడో, సచివాలయంలో తెలిసినవాళ్లో కావాలి. అర్జీ రాసిపెట్టే కరణం టచ్ స్క్రీన్‌తో తిరిగొచ్చాడన్నమాట.

అన్నిటికంటే చిత్రమైన మార్పు, మధ్యలో ఉన్న యంత్రమే అవతలి మనిషి కావడం. ఇది కొత్తదేం కాదు. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రాం రాశాడు. మనమన్న మాటని తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికేమీ రాదు. అది ఎలా పనిచేస్తుందో తెలిసిన ఆయన సెక్రటరీయే దానితో కాసేపు మాట్లాడి, ఆయన్ని గదిలోంచి బయటికి వెళ్లమంది. ఏకాంతం కావాలట! ఇప్పటి చాట్‌బాట్లు ఎలైజా కంటే ఎన్నో రెట్లు నేర్పరులు, తెలుగులో కూడా పొద్దస్తమానం ఓపిగ్గా మాట్లాడతాయి, విసుక్కోవు, ఎదురుచెప్పవు, మన రహస్యం పక్కింటామెకి చెప్పవు. ఓపెన్ఏఐ, ఎంఐటీ మీడియా ల్యాబ్ కలిసి 2025 మార్చిలో వెల్లడించిన నాలుగు వారాల ప్రయోగంలో 981 మంది పాల్గొన్నారు. రోజూ ఎక్కువసేపు మాట్లాడినవాళ్లలో ఒంటరితనం ఎక్కువగా, మనుషులతో కలవడం తక్కువగా కనిపించాయి. ఒంటరివాళ్లే ఎక్కువ వాడారా, వాడటం వల్లే ఒంటరులయ్యారా అన్నది ఆ అధ్యయనంతో తేలిపోలేదు. అదే ఏడాది జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. ఇంత పెద్ద గిరాకీ ఉన్నచోటికి సరుకు రాకుండా ఉండదు.

యంత్రం మనుషుల్ని విడదీసే తీరుతుందన్న రూలు మాత్రం లేదు. నరసరావుపేట పక్కన కోటప్పకొండకి శివరాత్రి నాడు చుట్టుపక్కల ఊళ్లు కట్టుకొచ్చే విద్యుత్ ప్రభలు చూసినవాళ్లు ఈ మాట ఒప్పుకుంటారు. వెదురు, సరుగుడు కర్రలతో ఎనభై, తొంభై అడుగుల చట్రం లేపి, నిలువునా రంగు బల్బులు అల్లి, జనరేటరుతో వెలిగిస్తారు. దాన్ని కట్టడానికి ఊరంతా చందా వేసుకోవాలి, రోజుల తరబడి పని చేయాలి, దారిలో కరెంటు తీగలు ఎత్తిపట్టాలి. పక్క ఊరి ప్రభ కంటే మనది ఒక అడుగైనా ఎత్తుండాలన్న పంతం వేరు. విద్యుత్తు వచ్చి సంప్రదాయాన్ని చెరపలేదు, పదిమంది చేతులు కలిస్తే గాని కాని పనిగా దాన్ని ఇంకా పెద్దది చేసింది. స్పీకరు డబ్బాకీ ప్రభకీ తేడా అక్కడే ఉంది. మొదటిది ఇంకో మనిషి అవసరం లేకుండా చేయడానికి పుట్టింది.

ఇక యంత్రం మనిషి గొంతు అరువు తెచ్చుకునే సంగతి. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ ‘వాల్-ఇ’ని ప్రకటించినప్పుడు, ఎవరి గొంతయినా మూడు సెకన్లు వింటే అది అనుకరించగలదని చెప్పింది. పెళ్లి వీడియోలు, రీల్స్, వాయిస్ మెసేజీలు నిండిన ఈ రోజుల్లో మూడు సెకన్ల గొంతు దొరకని మనిషి అరుదు. దానికి తోడు పోలీసులమంటూ ఫోనులో బెదిరించి డబ్బు గుంజే ‘డిజిటల్ అరెస్ట్’ మోసాలు ఎంత ముదిరాయంటే 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లోనే హెచ్చరించాల్సి వచ్చింది. విదేశంలో పిల్లలున్న తల్లిదండ్రులకి అర్ధరాత్రి “అమ్మా, యాక్సిడెంటైంది, డబ్బు పంపు” అన్న ఏడుపు గొంతు వస్తే, అది కొడుకుదో యంత్రానిదో చెవి చెప్పలేదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2024 డిసెంబరులో కుటుంబాలకి ఇచ్చిన సలహా చాలా పాతకాలపుది: ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన రహస్య పదం ఒకటి ముందే అనుకోండి. పుట్టినతేదీలు, పెళ్లిరోజులు, పెంపుడు కుక్క పేరు పనికిరావు, అవన్నీ ఫేస్‌బుక్‌లో ఉంటాయి. ఎప్పుడో అమ్మేసిన గేదె పేరు, చిన్నప్పుడు దెబ్బ తగిలిన బావి దగ్గరి చెట్టు లాంటివైతే మంచిది, అవి ఫోనులో ఎవరూ టైపు చేసి ఉండరు. జవాబు రాకపోతే ఫోన్ పెట్టేసి, పాత నంబరుకి తిరిగి చేయాలి. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఖాతాలో ఆపడానికి అంత వీలుంటుంది.